జాతీయగీతమునకు ప్రత్యుత్థానము

స్వాతంత్ర్య దినోత్సవమునకు ముందునాటి సాయంకాలము రాష్ట్రపతి జాతి నుద్దేశించి ఆకాశవాణిలో ప్రసంగించుట మన దేశమున స్థిరపడిన ఆచారము. ఆ ప్రసంగమునకు ముందొకసారి, పిదప నొకసారి జాతీయగీతము వాద్యములపై వినిపించును. ఆ కొద్ది క్షణములలో రేడియో ఉన్న ఇండ్లలో జరుగునది గమనింపదగినది. పడకకుర్చీలోని తాతగారు చేతికఱ్ఱ వెదకుకొని లేచుటకు ప్రయత్నింతురు. బడికిపోవు మనుమడు అప్పటికే బిగిసి నిలుచుండును. వంటింటిలోని ఇల్లాలు గరిటె చేతనుండగనే గుమ్మముదాక వచ్చి ఆగును. మరియొకరు పత్రిక చదువుచు కదలకుందురు. గీతము ముగియగానే మనుమడు "చిన్నాన్న ఎందుకు లేవలేదు?" అని అడుగును. తాతగారు ఒక జవాబు చెప్పుదురు. చిన్నాన్న మరియొక జవాబు చెప్పును. ఆ రెండు జవాబులను ఎదురెదురుగా నుంచి, మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల చరిత్ర వెలుగులో విచారించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ప్రభుత్వము వారి ఉత్తర్వులు ఏమనుచున్నవో ముందు చూతము. పూర్తి గీతమునకు పట్టు కాలము సుమారు 52 సెకండ్లు. మొదటి పంక్తియు చివరి పంక్తియు మాత్రమే వినిపించు సంక్షిప్త రూపమునకు సుమారు 20 సెకండ్లు. గీతమును పాడినను, వాయించినను సభలోనివారు లేచి నిటారుగా నిలువవలెనన్నది ఆ ఉత్తర్వుల సారాంశము. అయితే వార్తాచిత్రములలో గీతము చిత్రభాగముగా వచ్చినప్పుడు ప్రేక్షకులు లేవనక్కరలేదనియు, లేచినచో ప్రదర్శనకు అంతరాయము కలిగి, గీతమునకు గౌరవము పెరుగుటకు మారుగా గందరగోళము ఏర్పడుననియు ఆ ఉత్తర్వులే చెప్పుచున్నవి. అనగా ఉత్తర్వులు వ్రాసినవారికి సైతము ఒక సంగతి తెలియును: లేచి నిలుచుట వేరు, గౌరవించుట వేరు. సాధారణముగా ఆ రెండును కలిసి నడచును, ఎల్లప్పుడు నడువవు.

పూజ్యులైనవారు వచ్చినప్పుడు ఆసనము విడిచి లేచుటను మన పెద్దలు ప్రత్యుత్థానము అన్నారు. గురువు వచ్చినప్పుడు శిష్యుడు లేచును. మామగారు వచ్చినప్పుడు అల్లుడు లేచును. లేవనివానిని లోకము మెచ్చదు. అయినను భోజనము చేయుచున్నవాడు లేవనక్కరలేదు, రోగి లేవనక్కరలేదు, ఒడిలో పసిబిడ్డ నిద్రించుచున్న తల్లిని లెమ్మని ఎవరును అనరు. ఈ మినహాయింపులను ఏ గ్రామములోను ఎవరును కాగితముపై వ్రాసి పెట్టలేదు. లేవనివానికి జరిమానాయు లేదు. కావుననే మన ఇండ్లలో ఈ మర్యాద ఇన్ని తరములు నిలిచినది. జాతీయగీతమునకు లేచుట ఇట్టి మర్యాదలలో ఒకటియా, లేక సుంకమువలె వసూలు చేయదగిన బాకీయా? మన ముందున్న ప్రశ్న యిదియే.

బాకీగా వసూలు చేసిన కాలమును మన తాతలు చూచినారు. ఆంగ్లేయుల పరిపాలనలో సర్కారు ఉత్సవములందును, సినిమా ప్రదర్శనములందును బ్రిటిషు రాజుగారి గీతము వినిపించెడిది. అందరును లేవవలసినదే. కలెక్టరు కచేరీలో గుమాస్తా, జమీందారుగారి దివాణములో ఉద్యోగి, బడిపంతులు, ప్లీడరు, ఎల్లరును లేచిరి. ఆ లేచినవారిలో ఎందరి హృదయములు లేచినవో 1947లో తేలిపోయినది. ఆ పాట వెళ్లిపోయిన నాడు కన్నీరు పెట్టినవారు మన ఊళ్లలో కానరాలేదు.

ఆ ప్రభుత్వమే ఒక పాటకు లెమ్మని చెప్పుచు, వేరొక పాటను పాడరాదని శాసించినది. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాల్ గారు ఆంధ్రదేశమున పర్యటించి ప్రసంగించిన పిదప, రాజమహేంద్రవరమున విద్యార్థులు "వందేమాతరము" అను పతకములు ధరించి తరగతులకు వచ్చిరి. అందులకై గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కళాశాలనుండి వెడలగొట్టిరి. 1938లో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో ఆ గీతమును పాడిన విద్యార్థులకును అదే గతి పట్టినది. వారిలో పలువురు నాగపూరు వెళ్లి చదువు కొనసాగించిరి.

మన ప్రాంతపు వృత్తాంతము వీటికంటె హృదయమునకు దగ్గరగా నుండును. శ్రీకాకుళము జిల్లా నరసన్నపేట దాపున గోనెపాడు గ్రామములో 1893లో గరిమెళ్ల సత్యనారాయణ గారు జన్మించిరి. కొంతకాలము గంజాము కలెక్టరు కచేరీలో గుమాస్తాగా, కొంతకాలము విజయనగరమున ఉపాధ్యాయుడుగా పనిచేసిరి. సహాయనిరాకరణోద్యమ కాలమున తెల్లదొరతనము మాకు వద్దని ఆయన కట్టిన పాట ఊరూరను, వీధివీధిని మారుమ్రోగినది. తెలుగు రాని దొర ఒకడు ఆ పాటను పాడించుకొని విని, అర్థము తెలియకున్నను దానిలోని శక్తి తెలియుచున్నదని అన్నట్లు ఒక గాథ ప్రసిద్ధముగా నున్నది. 1922లో ఆయనకు ఏడాది శిక్ష పడినది. విడుదలయైన తరువాత మరల పాడిరి; మరల జైలునకు పోయిరి. ఆ పాట వినబడినప్పుడు జనము నిలువవలెనని ఎవరును ఉత్తర్వు చేయలేదు. నిలువరాదనియే ఉత్తర్వు. అయినను జనము నిలిచిరి, గొంతు కలిపిరి.

అంతకు పుష్కరము ముందే, 1910లో, విజయనగరమున గురజాడ అప్పారావు గారు దేశభక్తిని గూర్చిన తమ గేయమును రచించిరి. సంస్థానపు కొలువులో నుండిన ఆ మహాకవి అందులో ఏ రాజును స్తుతింపలేదు. ఏ జెండాకును మ్రొక్కుమనలేదు. వట్టి గొప్పలు మాని, పంట పండించి, సరకు తయారుచేసి, తోడివానికి తోడుపడుమని మాత్రమే బోధించిరి. దేశభక్తిని చేతలచే కొలుచు ఆ కొలబద్ద మన విజయనగరమునుండియే తెలుగువారందరికిని లభించినది. లేచి నిలుచుటను గూర్చి మనము తీర్పు చెప్పునప్పుడు ఈ కొలబద్దను ప్రక్కన పెట్టరాదు.

ఇక మన జాతీయగీతము సంగతి. రవీంద్రనాథ ఠాకూరు గారి ఈ రచనను 1911 డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదట పాడిరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు మన మదనపల్లెలోని బిసెంటు కళాశాలలో కొన్నిదినములు విశ్రమించినప్పుడు దానిని తామే పాడి వినిపించిరి. అక్కడ మార్గరెట్ కజిన్సు గారు స్వరములను వ్రాసికొనిరి. కవి అక్కడనే ఆంగ్లానువాదమును కూడ చేసిరి. 1950 జనవరి 24వ తేదీన రాజ్యాంగసభలో రాజేంద్రప్రసాదు గారు దీనిని జాతీయగీతముగా ప్రకటించుచు, స్వాతంత్ర్య సమరమున చారిత్రక పాత్ర వహించిన వందేమాతరమునకును సమాన గౌరవము కలుగునని తెలిపిరి. ఆ యేడే ఆగస్టు 15వ తేదీన శ్రీకాకుళము వేరు జిల్లాగా ఏర్పడినది.

గీతమునందు దేశభాగముల పేర్లు వరుసగా వచ్చును. అందులో ద్రావిడమున్నది, ఉత్కళమున్నది. ఆంధ్రమను పేరు లేదు. ఇచ్ఛాపురమునుండి పలాసవరకు ఉన్నవారు ఈ రెండు పేర్ల నడుమనే నివసించుచున్నారు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పాత గంజాము జిల్లాలో కొంత అటు పోయినది, కొంత ఇటు నిలిచినది. సరిహద్దున తెలుగు, ఒడియా ఒకే వీధిలో వినిపించును. పేరు లేదుగదా యని మనవారు గీతమును తమది కాదనలేదు. ద్రావిడమను మాటలో తెలుగువారును చేరుదురని గ్రహించి, తమదిగానే పాడుచున్నారు. పాటను తనదనుకొనుట అను ఈ క్రియ మనిషి లోపల జరుగవలసినది. దీనిని ఏ అధికారియు బయటినుండి చేయింపలేడు.

లేచి నిలుచుటకు సంబంధించిన మరియొక వృత్తాంతము మన ప్రాంతమునందే ఆరంభమైనది. ప్రతి బడిలో పిల్లలు నిలిచి, చేయి చాచి చెప్పు ప్రతిజ్ఞను పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో రచించిరి. నల్లగొండ జిల్లా అన్నెపర్తి వారైన ఆయన అప్పుడు విశాఖపట్టణమున జిల్లా ట్రెజరీ అధికారిగా నుండిరి. తెన్నేటి విశ్వనాథము గారు ఆ ప్రతిజ్ఞను అప్పటి విద్యామంత్రి పి. వి. జి. రాజు గారికి పంపిరి. రాజు గారు విజయనగర పూసపాటి వంశీయులని మన శ్రోతలకు చెప్పనక్కరలేదు. విజయనగరము కూడ ఆనాడు విశాఖపట్టణము జిల్లాలోనిదే. వేరు జిల్లాయైనది 1979లో. 1963లో విశాఖపట్టణమున ఒక పాఠశాల పిల్లలు ఆ ప్రతిజ్ఞను మొదట పలికిరి. 1965 జనవరి 26వ తేదీనుండి దేశమంతట అది వ్యాపించినది. కోట్లమంది పిల్లలు నిటారుగా నిలిచి ఆ వాక్యములను అప్పగించిరి. కాని వ్రాసినవారి పేరు మాత్రము చాలకాలము పాఠ్యపుస్తకములలో అచ్చు కాలేదు. 1988లో ఆయన కీర్తిశేషులైన నాటికి, ఆ మాటలు ఆయనవని ఎరిగినవారు బహుకొద్దిమంది. నిలుచుట నేర్పినాము, ఎవరి మాటలకు నిలిచినామో నేర్పలేదు.

1962లోనే చైనా యుద్ధము వచ్చినది. ఆ పిదప సినిమాహాళ్లలో ప్రదర్శన ముగియగానే జాతీయగీతము వినిపించు పద్ధతి వ్యాపించినది. ఉద్దేశము మంచిదే. కాని ఆట చివరిరీలు చూచినవారికి తొందర ఇంటికి పోవుటయందే గదా! కొందరు నిలిచిరి, ఎక్కువమంది తలుపులవైపు త్రోసికొనిరి. గీతమునకు వీపు చూపి నడుచుట అలవాటుగా మారినందున ఆ పద్ధతియే క్రమముగా సడలిపోయినది. 1971లో జాతీయ చిహ్నముల అవమాన నివారణ చట్టము వచ్చినది. గీతము పాడుటను బుద్ధిపూర్వకముగా అడ్డుకొనినను, పాడుచున్న సభకు భంగము కలిగించినను మూడేండ్లవరకు శిక్ష విధింపవచ్చునని అందు చెప్పిరి. లేవనివానికి శిక్ష యని ఆ చట్టము చెప్పలేదు. 1976లో రాజ్యాంగమునకు చేసిన 42వ సవరణ, జాతీయపతాకమును, జాతీయగీతమును గౌరవించుట పౌరుని ప్రాథమిక విధి యన్నది. అది విధి యన్నదే గాని, విధింపలేదు.

ఈ భేదమును స్పష్టపరచిన న్యాయమూర్తి తెలుగువారే. 1985లో కేరళలో ఒకే కుటుంబమునకు చెందిన ముగ్గురు పిల్లలను బడినుండి వెడలగొట్టిరి. వారు యెహోవాసాక్షులు అను క్రైస్తవ శాఖకు చెందినవారు. దైవమును తప్ప వేరొకదానిని పాడి కీర్తింపరాదని వారి విశ్వాసము. కావున గీతము వచ్చినప్పుడు వారు తోటిపిల్లలతో పాటు మర్యాదగా లేచి నిలుచుండిరి. నోరు మాత్రము మెదపలేదు. 1986 ఆగస్టు 11వ తేదీన సుప్రీముకోర్టున ఒ. చిన్నపరెడ్డి గారు తీర్పు చెప్పుచు, పాడితీరవలెనని నిర్బంధించు చట్టమేదియు లేదనియు, మౌనముగా నిలుచుట అవమానము కాదనియు నిర్ణయించి, పిల్లలను మరల బడిలో చేర్చుకొమ్మనిరి. మన సంప్రదాయము సహనమును నేర్పినదనియు, దానిని పలుచన చేయరాదనియు ఆ తీర్పు సారము. అమెరికా సుప్రీముకోర్టు సైతము 1940లో ఇట్టి పిల్లలే పతాకవందనము చేసితీరవలెనని చెప్పి, మూడేండ్లు తిరుగగానే, ప్రపంచయుద్ధము సాగుచున్న 1943లోనే, ఆ మాటను తానే వెనుకకు తీసికొన్నది. యుద్ధకాలమునందు సైతము ఒక దేశము పిల్లల మౌనమునకు భయపడనక్కరలేదని గ్రహించినది.

అయితే న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ఆ పిల్లలు కూర్చుండలేదు; లేచిరి. లేవనివాని మాట ఆ తీర్పు తేల్చలేదు. కావున తాతగారి పక్షమును కూడ వినవలసియున్నది.

విజయనగరమునకు దాపున కోరుకొండ సైనికపాఠశాల 1962లోనే వెలసినది. పి. వి. జి. రాజు గారు తమ రాజభవనమును, భూమిని అందులకు ఒసగిరి. అక్కడ చదివిన పిల్లలు ఎందరో సైన్యమున చేరిరి. మన పల్లెలలో కొడుకును సైన్యమునకు పంపిన తల్లులున్నారు. తిరిగిరాని కొడుకును తలచుకొనువారును ఉన్నారు. అట్టి తల్లి సభలో లేచి నిలిచినప్పుడు, ప్రక్కకుర్చీలోని ఆరోగ్యవంతుడు వేరుసెనగలు నములుచు కూర్చుండినచో ఆమెకు కలుగు బాధ కల్పితము కాదు. గీతము ఎవరో అధికారి సొత్తు కాదు, ఆమెది. 52 సెకండ్లు ఆమె కొరకైనను నిలువలేవా యని తాతగారు అడిగినచో, చిన్నాన్న వద్ద తగిన జవాబు ఉండదు. కాబట్టి లేచి నిలుచుటను సమాజము ఆశించుట తప్పు కాదు. ఆశింపకున్న మర్యాదలే ఉండవు.

చిక్కు వచ్చునది ఆశ ఆజ్ఞగా మారునప్పుడు. 2016 నవంబరు 30వ తేదీన సుప్రీముకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చుచు, దేశమందలి సినిమాహాళ్లన్నిట ఆటకు ముందు గీతమును వినిపింపవలెననియు, ఉన్నవారందరు లేవవలెననియు ఆదేశించినది. అంతకు కొద్దివారముల ముందే గోవాలో చక్రములకుర్చీపై బ్రదుకువానిని, లేవలేదని వెనుకనుండి కొట్టిరి. లేవలేనివానికిని, లేవనివానికిని గల భేదము చీకటిలో కొట్టువానికి తెలియదు. విచారించు ఓపికయు ఉండదు. వికలాంగులకు మినహాయింపునిచ్చుచు కోర్టు డిసెంబరులో వివరణ ఇయ్యవలసివచ్చినది. తుదకు 2018 జనవరి 9వ తేదీన, హాళ్లలో గీతమును వినిపించుట తప్పనిసరి కాదని తన ఉత్తర్వును తానే సడలించినది. ప్రత్యుత్థానమున వ్రాయకయే అందరికిని తెలిసిన మినహాయింపులను, ఆజ్ఞ వచ్చిన పిమ్మట వకీళ్లను పెట్టి ఒక్కొక్కటిగా వ్రాయించుకొనవలసి వచ్చినదన్నమాట.

ఆజ్ఞ లేనిచో జనము లేవరా? 2017 ఆగస్టు 15వ తేదీన తెలంగాణమునందలి జమ్మికుంటలో ప్రతి ఉదయము ధ్వనివర్ధకములపై గీతమును వినిపించు పద్ధతి మొదలైనది. పోలీసువారు పూనుకొని చేసిన యేర్పాటే యది. అయినను నడివీధిలో బండి ఆపినవానిని, త్రాసు దించిన కోమటిని, బడిపిల్లను చూచినప్పుడు అదంతయు భయమువలన జరిగినదని అనలేము. అందులో ఇష్టమున్నది. కాని పరుగుపరుగున ఆసుపత్రికి పోవువాడు ఆగకపోయినచో వానిని ద్రోహి యనకుండుటయే ఆ ఇష్టమునకు కావలి. ఆ కావలి తొలగిన నాడు జమ్మికుంట వీధియు, 2016 నాటి సినిమాహాలును ఒకటే యగును.

కావున మా అభిప్రాయమిది. గీతము వచ్చినప్పుడు లేచి నిలుతుము. మన పిల్లలు నిలువవలెనని ఆశింతుము. ఎందుకు నిలువవలెనో వారికి చెప్పుదుము. నిలువనివానిని అడుగవచ్చును, నచ్చచెప్పవచ్చును, మనసులో నొచ్చుకొనవచ్చును. చేయి పట్టి లేపరాదు, చెయ్యి చేసికొనరాదు, ఠాణాకు ఈడ్వరాదు. రాజుగారి పాటకు భయముతో లేచిన తరమును, గరిమెళ్ల పాటకు భయమును విడిచి లేచిన తరమును చూచిన నేల మనది. ఆ రెండవ లేచుటయే స్వరాజ్యమును తెచ్చినది. స్వరాజ్యగీతమును మరల మొదటి రకపు లేచుటకు అప్పగించుట తగదు.

చివరకు ఒక జ్ఞాపకము. జాతీయగీతమును ప్రకటించి మూడేండ్లు నిండకముందే, 1952 డిసెంబరులో, గరిమెళ్ల సత్యనారాయణ గారు మద్రాసులో కడుపేదరికముతో కన్నుమూసిరి. దేశమంతయు ఒక పాటకు లేచి నిలుచుచున్న దినములవి. పాట పాడినందులకు జైలుకు పోయిన గోనెపాడు కవికొరకు లేచినవారు మాత్రము కొద్దిమందియే. లేవనివానిని వ్రేలెత్తి చూపుటకు ముందు ఈ సంగతిని మనము ఒకసారి తలచుకొనుట మంచిది.

మరల ఆగస్టు 14వ తేదీ వచ్చును. రేడియోలో గీతము వినిపించును. తాతగారు చేతికఱ్ఱ వెదకుకొందురు. మనుమడు ఆయన మోచేయి పట్టుకొని లేవనెత్తును. చిన్నాన్న పత్రికను మడిచి ఒడిలో పెట్టుకొనునేమో, లేచునేమో, అది అతని ఇష్టము. గీతము ముగిసిన పిదప పిల్లవాడు అడుగు ప్రశ్నకు తాతగారు ఈసారి చిన్నాన్నను గూర్చి గాక, గోనెపాడును గూర్చి చెప్పవచ్చును. అది విన్న పిల్లవాడు మరుసటి యేడు ఎవరును చెప్పకయే లేచును.